నూకాలమ్మ పిలుపు మానిన రోజు

ఏటి ఒడ్డున, తాటితోపు దాటాక, మనుషులు ఎప్పుడో వదిలేసిపోయిన ఇటుక బట్టీ ఒకటుంది. గోడలు సగం కూలిపోయాయి గానీ పొగగొట్టం మాత్రం నిటారుగా నిలబడే ఉంది. ఏరు పొంగి గూళ్లూ బొరియలూ కొట్టుకుపోయిన ఏడాది జంతువులన్నీ వచ్చి అందులో కాపురం పెట్టాయి. వాటికి పెద్దదిక్కు నూకాలమ్మ అనే ఉడుత.

అదేమిటండీ, గాడిద ఉండగా, కుక్క ఉండగా, పిడికెడంత ఉడుత పెత్తనమేమిటి అంటారా? ఆ పొగగొట్టం చివరిదాకా ఎక్కగలిగింది అదొక్కతే మరి. అక్కడినుంచి నాలుగు దిక్కులూ కనబడతాయి. అన్నీ కనబడేవాళ్లకి అన్నిట్లోనూ వేలు పెట్టబుద్ధవుతుంది. నూకాలమ్మకి అసలే ఉన్నచోట ఉండడం చేతకాదు. తోక నిలవదు, కాలు నిలవదు, నోరు సరేసరి.

పొద్దు పొడవగానే పైకెక్కి పనులు కేకవేసేది. ముందు కాపలా. తర్వాత మేత. తర్వాత నీళ్లు. ఆ తర్వాత కూలిన గోడ ఎత్తడం. అన్నిటికంటే ఆఖరున ఊడుపు, అంటే చెత్త ఊడవడం. ఎవరికి చేతనైన పని వాళ్ల చెవిన పడితే అటు పోవాలి. పనిలో ఉండగా అంతకంటే ముందరి పని కేక వినబడిందా, చేతిలోది ఉన్నపళాన వదిలేసి పరిగెత్తాలి. అదీ బట్టీ కట్టుబాటు.

కట్టుబాటు బాగానే ఉంది. బట్టీ మాత్రం పెంటకుప్పలా తయారైంది.

"ఓలమ్మో, ఇంత కంపేమిటి!" అని నూకాలమ్మ ఒకనాడు ముక్కు మూసుకుంటూ కిందకి దిగింది. "మేకల పెంటికలు, కోళ్ల ఈకలు, కుళ్లిన తాటిముంజెలు! ఇదేమన్నా కాపురమా? ఊడుపు ఊడుపు అని రోజూ గొంతు చించుకుంటున్నాను. ఒక్కరికైనా ఒళ్లు వంగదేం?"

మేక అప్పాయమ్మకి మాట పడడం అలవాటు లేదు. ఊడుస్తున్న తాటాకు నోట్లోంచి వదిలి చటుక్కున ఎదురొచ్చింది.

"ఒళ్లు వంగకేం వదినా! ఇప్పుడే కదా ఆకు పట్టుకున్నాను. పట్టుకున్నానో లేదో, 'అప్పాయమ్మా, మేతకి పద, ఏటిగట్టున పచ్చిక కనబడుతోంది' అని నువ్వే కేకేశావు. అటు వెళ్లొచ్చి మళ్లీ పట్టుకున్నాను. ఈసారి నీళ్లన్నావు. నన్ను ఎన్ని ముక్కలవమంటావు?"

"పని తప్పించుకునేవాళ్లకి సాకులకేం కొదవ!"

"సాకులా? నీ చిన్నతనం నుంచీ ఎరుగుదును. నోట్లో మాట నిలవదు నీకు."

గాడిద గవరయ్య ఓ మూల నిలబడి చెవులు ఊపుకుంటూ వింటున్నాడు. వయసులో పెద్దవాడు. తొందరపడి మాట్లాడే రకం కాదు.

"నూకాలూ, ఊడుపు ఒక్కరికి ఒప్పజెప్పెయ్. తాటిమట్ట నా నడుముకి కట్టు, ఈడ్చుకుంటూ తిరుగుతాను. నేలంతా సాఫయిపోతుంది. కానీ ఒక్క మాట. మధ్యలో నన్ను పిలవకు."

"అది మాత్రం కుదరదు బాబాయ్!" నూకాలమ్మ తోక నిక్కబొడుచుకుంది. "ఊడ్చేవాడని ఒకరికి పేరు పడిందంటే, రేపటినుంచి వాళ్ల పక్కన కూర్చుని తినేవాళ్లుండరు. నేను పుట్టిన తోపులో చూశాను ఆ ముచ్చట. ఇక్కడ పెద్దా చిన్నా లేదు, అన్ని పనులూ అందరివీ."

ఆ మాట చెడ్డ మాటేం కాదు, ఆవిడ మనసులోంచి వచ్చిందే. గవరయ్య సరేలెమ్మని తల ఊపాడు.

అప్పుడే కోడి చినతల్లి పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. వెనక గోడలో ఒక కంత ఉంది, ఆ కంత పక్కనున్న పాత పొయ్యి గూడులో దాని కాపురం. మెడ కింద ఈకలు రాలి ఎర్రగా కనబడుతోంది.

"అక్కా, పిల్లలకి పేలు పట్టాయి. రాత్రంతా ఒకటే గోకుడు. ఆ చిన్నదయితే మేత కూడా ముట్టడం లేదు. పాత ఊళ్లో నా పిల్లలు ఒక్కటీ దక్కలేదని నీకు తెలుసు కదా? ఇక్కడ ఈకంత హాని జరగదని నువ్వు మాటిచ్చావనే వచ్చాను."

నూకాలమ్మకి గుండె కలుక్కుమంది. మాటిచ్చిన సంగతి ఆవిడ మరిచిపోలేదు. ఆ చిన్నది తల్లి రెక్క కింద ముడుచుకుని, కళ్లు మూసి తెరుస్తూ చూస్తోంది.

"ఏడవకే చినతల్లీ. రేపు చూడు, నేల అద్దంలా ఉండకపోతే నన్నడుగు," అంది.

ఆ పూట ఆవిడ నిలిచిందీ లేదు, కూర్చుందీ లేదు. పొగగొట్టం ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. ఆఖరికి ఒక ఉపాయం తట్టింది. తట్టిందే తడవు, అక్కడే చప్పట్లు కొట్టి అందర్నీ పోగేసింది.

"ఇకమీదట ఊడుపే అన్నిటికంటే ముందు! చెత్త కనబడిందని నేను కేకేశానంటే, ఎవరు ఏ పనిలో ఉన్నా సరే వదిలేసి రావాలి. మేత లేదు, నీళ్లు లేదు, కాపలా లేదు. అందరూ ఊడుపుకే!"

"కాపలా కూడానా పెద్దమ్మా?" అన్నాడు కుక్క బైరాగి. వెనక కంత దగ్గర కాపలా ఎప్పుడూ వాడిదే. వాణ్ణి దాటి లోపలికి రావాలంటే ఎవరికైనా వెన్నులో వణుకే.

"అందరూ అంటే అందరూరా! నీకొక్కడికీ వేరే చెప్పాలా?"

బైరాగి తోకాడించాడు. పెద్దమ్మ మాట కాదనడం వాడివల్ల కాదు.

మర్నాడు పొద్దున్నే కేక పడింది. ఏమి హడావిడి, ఏమి దుమ్ము! అప్పాయమ్మ తూర్పునుంచి ఊడ్చింది, కుందేళ్లు పడమరనుంచి ఊడ్చాయి, ఇద్దరి చెత్తా నడిమిట్లో కలిసింది. దాని మీద బైరాగి నాలుగు కాళ్లతో మట్టి గీకి, ఇంకో మూలకి పోయి నేనూ ఊడ్చానన్నాడు. ఏమైతేనేం, పొద్దెక్కేసరికి నేల కనబడింది. నూకాలమ్మ పైనుంచి చూసుకుని మురిసిపోయింది.

మురిసింది ఆవిడొక్కతే కాదు. తుమ్మ పొదల వెనక జగ్గడనే నక్క కూడా చూశాడు. ఆ బట్టీ చుట్టూ ఎన్నాళ్లుగానో తిరుగుతున్నాడు వాడు. కంత దగ్గర బైరాగిని చూసి ప్రతిసారీ గుటకలు మింగి వెనక్కి పోతున్నాడు. ఈరోజు ఒక్క కేకతో కంత ఖాళీ అయిపోవడం కళ్లారా చూశాడు. వాడి మనసులో ఏం మెదిలిందో వేరే చెప్పాలా?

ఆ మర్నాడు తెల్లవారేసరికి బట్టీ ముందు వాకిలంతా చెత్త. కుళ్లిన చేపల ముళ్లు, పొలుసులు, తాటిపీచు, ఏవేవో ఎముకలు. నూకాలమ్మ పైకెక్కి చూసి గుండెలు బాదుకుంది.

"నిన్న కదర్రా ఊడ్చింది! అందరూ రండి, ఊడుపు! అన్నీ వదిలేసి రండర్రా!"

అందరూ వచ్చారు. బైరాగి కూడా వచ్చాడు. ముందు వాకిట్లో కోలాహలంగా పని సాగుతుండగా వెనకనుంచి కోడి కేక వినబడింది. మామూలు కూత కాదది. వినగానే అందరి కాళ్లూ అక్కడే ఆగిపోయాయి.

పరిగెత్తి వెళ్లేసరికి గూడు ముందు ఈకలు. చినతల్లి రెక్కలు విప్పి మిగిలిన పిల్లల మీద పడి వణుకుతోంది. పేలు పట్టి మేత మానేసిన ఆ చిన్నది లేదు. పరిగెత్తే ఓపిక లేనిది అదొక్కటే.

నూకాలమ్మ నోట వచ్చిన మొదటి మాట తప్పు మాట అయింది.

"కంత వదిలి ఎందుకు వచ్చావురా బైరాగీ?"

బైరాగి తల వంచుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి వాడికి.

"నువ్వే పిలిచావు పెద్దమ్మా."

ఆ మూడు మాటలూ నూకాలమ్మ గుండెలో నాటుకున్నాయి. చినతల్లి అరవలేదు, తిట్టలేదు. పిల్లల్ని రెక్క కింద సర్దుకుంటూ మెల్లగా అంది.

"అక్కా, రేపు వెళ్లిపోతాను. ఎక్కడికో తెలీదు. ఇక్కడ మాత్రం ఉండలేను."

"చినతల్లి పోతే నేనూ పోతాను వదినా," అంది అప్పాయమ్మ. "నాకూ కడుపులో పిల్లలున్నారు." కుందేళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నాయి. నూకాలమ్మకి తెలిసిపోయింది. ఒక్కరు కదిలితే బట్టీ అంతా ఖాళీ.

అప్పాయమ్మ మాట్లాడుతూనే వాకిట్లో గిట్టకి అంటుకున్న చేప పొలుసొకటి విదిలించింది. విదిలించి ఆగిపోయింది.

"అవునూ, మనలో చేపలు తినేవాళ్లెవరు?"

ఎవరూ లేరు. బైరాగికి అప్పుడప్పుడూ ఎముక దొరుకుతుంది గానీ వాడు దాన్ని పాతిపెట్టుకుంటాడు తప్ప వాకిట్లో పారెయ్యడు.

"అయితే ఈ చెత్త మనది కాదు," అన్నాడు గవరయ్య. "ఎవడో తెచ్చిపోశాడు. మనం అటు పరిగెత్తాలని పోశాడు. కేక ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూశాడు."

నూకాలమ్మకి సంగతంతా తెలిసొచ్చింది. వాడు చెత్త పోస్తాడు, తను కేకేస్తుంది, కంత ఖాళీ అవుతుంది. మధ్యలో దొంగకి తలుపు తీసింది ఎవరు? తనే! ఆ ఆలోచన వచ్చాక ఆవిడ ఒక్క క్షణం నిలబడలేకపోయింది. గోడెక్కింది, దిగింది, పొగగొట్టం సగందాకా వెళ్లి తిరిగొచ్చింది. నాలుక చివరిదాకా పది కేకలొచ్చాయి. వాకిట్లో కాపలా పెట్టండి! కంతకి ఇటుకలు పేర్చండి! పొదలు వెతకండి! ప్రతి కేకా పళ్ల మధ్యే నొక్కుకుంది. నొక్కుకుంటుంటే దవడలు నొప్పి పుట్టాయి.

చివరికి గవరయ్య ముందు చతికిలబడింది.

"బాబాయ్, నువ్వన్నదే నిజం. ఊడుపు ఒకరికి ఒప్పజెప్పాలి, మధ్యలో పిలవకూడదు. కానీ నా మాటా ఒకటుంది. ఆ ఒక్కరు ఎప్పుడూ ఒకరే కాకూడదు. వంతులు పెట్టుకుందాం. ఎవరి వంతు రోజున వాళ్లకి ఇంకే పనీ ఉండదు. మిగతావాళ్లు ఎవరి చోట వాళ్లే."

"బాగుంది. మొదటి వంతు నాదేనా?"

"కాదు, నాది. మట్ట నాకు కదలదు, అది నువ్వు ఈడ్చు, నీ వెనకే మూలలన్నీ నేను ఊడుస్తాను. అప్పుడు చినతల్లికి ముఖం చూపించగలను."

అప్పాయమ్మ ఫక్కున నవ్వింది. "మరి పొద్దున్నే కేక?"

"రేపు కేక లేదు," అంది నూకాలమ్మ. అనడానికి ఎంత కష్టమైందో ఆవిడకే తెలుసు. చినతల్లి వైపు తిరిగి, "ఒక్క రోజు ఆగవే. రేపు సాయంత్రం దాకా. అప్పటికీ నీకు మనసొప్పకపోతే నేనే దగ్గరుండి సాగనంపుతాను," అని బతిమాలింది.

చినతల్లి ముక్కుతో పిల్లల ఈకలు సర్దింది. అలాగే కూర్చుంది.

తెల్లారింది. అనుకున్నట్టే ముందు వాకిట్లో మళ్లీ చెత్త, నిన్నటికంటే ఎక్కువ. కానీ కేక పడలేదు. అప్పాయమ్మ మేతకి పోయింది. కుందేళ్లు గోడ దగ్గర మట్టి తవ్వుతున్నాయి. బైరాగి కంతలో అడ్డంగా పడుకున్నాడు. గవరయ్య నడుముకి తాటిమట్ట కట్టుకుని వాకిలంతా ఈడుస్తుంటే, వెనకాలే నూకాలమ్మ మూలల్లో మిగిలినదాన్ని తోకతో ఊడుస్తోంది.

అయ్యో, ఆవిడ పడ్డ అవస్థ చెప్పలేం! కుందేలు ఇటుక వంకరగా పెట్టింది. పిలవబోయి నాలుక కరుచుకుంది. ఏటిగట్టున అప్పాయమ్మ మంచి పచ్చిక వదిలేసి ఎండుగడ్డి మేస్తోంది. పిలవబోయి చెయ్యి నోట్లో కుక్కుకుంది.

"ఏమన్నా అన్నావా నూకాలూ?" అన్నాడు గవరయ్య వెనక్కి చూడకుండానే.

"ఏమీ అనలేదు బాబాయ్. ఊడుస్తున్నాను."

చిత్రమేమిటంటే, ఆవిడ చూస్తుండగానే కుందేలు వెనక్కి జరిగి, ఇటుక తీసి, సరిగ్గా పెట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే. నూకాలమ్మ కొంచెంసేపు ఊడవడం మరిచి అటే చూసింది.

"ఈ చెత్త ఎక్కడ పోద్దాం?" అన్నాడు గవరయ్య.

"కంత అవతల మట్టి తవ్విన గుంట ఉంది కదా, తుమ్మ పొదల పక్కన. అందులో పోసేద్దాం."

అలా గవరయ్య వాకిట్లోంచి చెత్తంతా ఈడ్చుకుంటూ, బైరాగిని దాటుకుంటూ పోయి, గుంటలోకి కుమ్మరించి వచ్చాడు. మళ్లీ ఇంకో ఈడుపు. చేపల ముళ్లు, కుళ్లిన పీచు, పొలుసులు, దాని మీద నూకాలమ్మ ఊడ్చిన దుమ్ము. వాసనకి బైరాగి ముక్కు కాళ్ల మధ్య దాచుకున్నాడు. ఇంకో ఈడుపు. ఇంకోటి.

వాకిలి సాఫయింది. పొయ్యి గూటి ముందు నేల కూడా బయటపడింది. ఎర్రటి చల్లటి మట్టి. చినతల్లి పిల్లలు అందులో దొర్లి ఒళ్లు దులుపుకుంటున్నాయి. ఒక పిల్ల నూకాలమ్మ తోక వెంటపడింది. దాన్ని చూస్తే ఆవిడకి నిన్న పోయినది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. తోక అక్కడే వదిలి, ఆడుకోమని కూర్చుంది. ఆవిడ అలా కదలకుండా కూర్చోవడం బట్టీలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

సరిగ్గా అప్పుడు ఒక కేక వినబడింది.

"అందరూ ఊడుపుకి రండర్రా! అన్నీ వదిలేసి రండి!"

నూకాలమ్మ గొంతే! అదే సన్నటి కీచు, అదే తొందర. మేక దూరంనుంచి తలెత్తింది. కుందేళ్లు చెవులు నిక్కించాయి. బైరాగి లేచి నిలబడి, తల తిప్పి లోపలికి చూశాడు. పెద్దమ్మ ఎదురుగానే ఉంది, పొయ్యి గూటి ముందు, నోరు మూసుకుని. తోక చివర కోడిపిల్ల వేలాడుతోంది.

పైగా ఆవిడ కేక ఎప్పుడూ పొగగొట్టం మీదనుంచే వస్తుంది. ఇదెక్కడినుంచి వస్తోంది? కంత అవతలనుంచి. తుమ్మ పొదల పక్కనుంచి. మట్టి గుంటలోంచి!

"ఊడుపుకి రండర్రా!" అంది పెంటకుప్ప మళ్లీ. ఈసారి మధ్యలో తుమ్ము కూడా వచ్చింది.

జగ్గడండీ! తెల్లవారకముందే వచ్చి వాకిట్లో చెత్త పోసి, కేక కోసం ఆ గుంటలో నక్కి పడుకున్నాడు. కేక పడలేదు. వాడు తెచ్చిన చేపల ముళ్లే వాడి నెత్తిన పడ్డాయి, ఈడుపు మీద ఈడుపు. లేచి పారిపోదామంటే ఎదురుగా బైరాగి. పడుందామంటే ఊపిరాడదు. అంతసేపు ఓర్చుకుని, ఇక ఓర్వలేక, కేక తనే వేసేస్తే పోలా అనుకున్నాడు.

నూకాలమ్మ బైరాగి వైపు చూసింది. పిలవలేదు, పురమాయించలేదు. వాడి పని వాడికి తెలుసు.

బైరాగి ఒక్క దూకు దూకాడు. గుంటలో ముళ్లూ పొలుసులూ గాల్లోకి లేచాయి. వాటి మధ్యనుంచి జగ్గడు మెడ నిండా తాటిపీచుతో పైకి తేలాడు.

"బాబోయ్! వదలరా నాయనా! తప్పయిపోయింది! ఇటువైపు తొంగిచూస్తే ఒట్టు!"

"ఏమిరా జగ్గా," అంది నూకాలమ్మ గోడెక్కి, "ఊడుపుకి పిలిచావు కదా, అందరం వచ్చాం. మరి నువ్వెక్కడికి?"

జగ్గడు తోకలో సగం బైరాగి నోట్లో వదిలి, కుంటుకుంటూ తాటితోపు దాటి, ఏరు దాటి పరిగెత్తాడు. వాడి ఒంటి చేపల కంపు ఎంత దూరానున్నా ముందే చెప్పేసేదట. ఆ తర్వాత వాడు ఎక్కడ పొంచి ఉన్నా ఏ కోడీ వాడికి చిక్కలేదు.

సాయంత్రమైంది. నూకాలమ్మ దుమ్ముకొట్టుకుపోయిన తోకతో చినతల్లి గూటి ముందుకొచ్చి నిలబడింది. అడగడానికి భయం. అడగకుండా ఉండడం అంతకంటే కష్టం.

"పోతావా?" అంది చివరికి.

చినతల్లి నేలకేసి చూసింది. కంతలో పడుకున్న బైరాగిని చూసింది. పిల్లల్ని ఒక్కొక్కటిగా రెక్క కిందకి లాక్కుంది. ఒక రెక్క కింద చోటు ఖాళీగా మిగిలిపోయింది, దాన్నీ చూసుకుంది.

"రేపు ఊడుపు వంతు ఎవరిదక్కా?" అంది.

"అప్పాయమ్మది."

"ఎల్లుండి నాకివ్వు," అని కళ్లు మూసుకుంది చినతల్లి.

నూకాలమ్మ పొగగొట్టం ఎక్కలేదు. ఆ గూటి పక్కనే, నేలమీద, తోక ముడుచుకుని పడుకుంది. ఇప్పటికీ ఆ బట్టీలో పొద్దున్న ఒక్కసారే, ఆ రోజు వంతు ఎవరిదో చెప్పే కేక వినబడుతుందట. ఆ తర్వాత తాటిమట్ట చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు.

నీతి: పని చెప్పిన నోరు ఆగితేనే, పని పట్టిన చెయ్యి దాన్ని పూర్తిచేస్తుంది.